పక్కింటి పొయ్యి
బజారు మన మనసుకు ఏమి నేర్పుతున్నది?

2010వ సంవత్సరము. మన తెలుగు పల్లెలలో ఏదో ఒక ఊరు అనుకొనండి. సోమవారము ఉదయము ఏడు గంటలు. వేపచెట్టు క్రింద చాప పరచి ఉన్నది. దానిమీద తొమ్మిదిమంది స్త్రీలు కూర్చున్నారు. మోటారు సైకిలు మీద వచ్చిన ఒక యువకుడు పుస్తకము తెరచి, వారము కిస్తీ డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు. తొమ్మిదిమందీ ఇచ్చారు. పదవ ఆమె రాలేదు. ఆమె భర్తకు జ్వరము. వారము రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ కూలికి పోలేదు. ఆ యువకుడు పుస్తకము మూయడు, లేచి వెళ్ళడు. పదవ ఆమె డబ్బు వచ్చేదాకా ఎవ్వరూ కదలకూడదు. పొలము పనికి పొద్దెక్కుతున్నది. చివరకు ఇద్దరు లేచి, విసవిస నడుచుకుంటూ ఆమె ఇంటికి వెళ్తారు. జ్వరము ఎలా ఉన్నదని వారు అడగరు. డబ్బు ఎక్కడ అని అడుగుతారు.

ఆ రోజులలో ఇది ఒక్క ఊరి సంగతి కాదు. అనేక జిల్లాలలో, అనేక ఊళ్ళలో వారము వారము జరిగిన సంగతి.

పూర్వము పక్కింట పొయ్యి వెలగలేదని తెలిస్తే మన తల్లులకు జాలి వేసేది. గిన్నెలో కాస్త గంజి పోసి, కొంగు చాటున పట్టుకొని, ఆ ఇంటి గౌరవము పోకుండా పెరటి దారిన వెళ్ళి ఇచ్చి వచ్చేవారు. ఆ సోమవారము ఉదయము పక్కింట పొయ్యి వెలగలేదని తెలిస్తే భయము వేసింది. ఆమె కిస్తీ మా మీద పడుతుందేమో అన్న భయము అది.

ఆ తొమ్మిదిమంది చెడ్డవారని మేము అనము. ముందురోజు ఆదివారము ఆరాధనలో ఒకే చాప మీద కూర్చొని పాటలు పాడినవారు కూడా వారిలో ఉండవచ్చు. మరి జాలి ఉండవలసిన చోటికి భయము ఎలా వచ్చింది? డబ్బు ఇచ్చిపుచ్చుకొనే పద్ధతి మారితే మనిషి మనసు కూడా మారుతుందా? ఈ నెల మన కుటుంబములన్నీ కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఇదే అని మాకు తోచింది.

బజారు కూడా ఒక బడి

మన పిల్లలకు గుణగణములు ఎవరు నేర్పుతారని అడిగితే, తల్లిదండ్రులు, పంతులుగారు, సండే స్కూలు టీచరు, పాస్టరుగారు అని చెప్తాము. బజారు పేరు ఎవ్వరూ చెప్పరు. కాని వారమంతా మనము కొంటూ, అమ్ముతూ, అప్పు తెస్తూ, కిస్తీ కడుతూ, కూలి బేరమాడుతూ ఉంటాము. ప్రతిరోజు చేసే పని అలవాటు అవుతుంది. అలవాటు స్వభావము అవుతుంది. ఆదివారము రెండు గంటలు విన్న పాఠము ఒక వైపు, ఆరు దినములు చేసిన అభ్యాసము మరొక వైపు.

మన దేశములో ఈ బడికి తలుపులు బార్లా తెరిచినది 1991లో అని చెప్పుకొనవచ్చును. విదేశాలకు చెల్లించవలసిన సొమ్ము లేక ప్రభుత్వము బంగారము తాకట్టు పెట్టవలసి వచ్చిన సంవత్సరమది. మన తెలుగువారైన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి, మన్మోహన్‌సింగ్‌గారు ఆర్థికమంత్రి. ఆ జూలై నెలలోనే రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. పరిశ్రమలకు ఉండిన లైసెన్సుల కట్టడిలో ఎక్కువ భాగము తీసివేశారు. అప్పటినుండి ఏమి తయారు కావాలి, ఎంతకు అమ్మాలి అన్న నిర్ణయములు ప్రభుత్వ కార్యాలయములనుండి కొంచెము కొంచెముగా బజారుకు వచ్చాయి. దీనినే స్వేచ్ఛా విపణి అంటున్నారు.

ముందుగా, మంచిని మంచి అని ఒప్పుకొందాము

ఇలాంటి వ్యాసములలో బజారును తిట్టి, పాతకాలమును పొగిడి ముగించడము సులువు. అది న్యాయము కాదు.

ఆ పాత పల్లె అందరికీ చల్లని నీడ కాలేదు. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు పాలేర్లుగా, జీతగాండ్రుగా బ్రతికినవారే. కొన్నిచోట్ల వెట్టి చేసినవారే. తండ్రి చేసిన అప్పుకు కొడుకు దొర ఇంట పశువులు కాచేవాడు. కూలి అంటే తవ్వెడో, మానికెడో గింజలు. అవి కూడా దయ కలిగినప్పుడే. వెట్టిచాకిరిని నిషేధిస్తూ పార్లమెంటు చట్టము చేసినది 1976లో. కాని చట్టముతోబాటు అనేకులను విడిపించినది పట్నములో దొరికిన రొక్కపు కూలి. పట్నములో ఇటుకలు మోసేవానిని నీ తాత ఎవరికి జీతమున్నాడు అని మేస్త్రీ అడగడు. టీకొట్టువానికి రూపాయలిస్తే టీ ఇస్తాడు. డబ్బుకు కులము తెలియదు. ఈ మేలును మరచిపోయి మాట్లాడేవారు సాధారణముగా పాత పల్లెలో అరుగు మీద కూర్చున్నవారే. అరుగు క్రింద నిలబడినవారు మరచిపోరు.

మరొక సంగతి. 2001లో జోసెఫ్ హెన్రిక్ అనే పండితుడు, ఆయన తోటివారు లోకములోని 15 చిన్న సమాజములలో చేసిన ఒక పరిశీలన ఫలితములు ప్రకటించారు. వారిలో వేటాడేవారు, పశువులు మేపేవారు, చిన్న రైతులు ఉన్నారు. పద్ధతి ఇది: ఒకనికి కొంత డబ్బు ఇచ్చి, ముఖము తెలియని మరొకనితో పంచుకొమ్మంటారు. రెండవవాడు ఆ వాటా నాకు చాలదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. స్వార్థము చూసుకొనేవాడు అతి తక్కువ ఇవ్వజూపాలి. కాని సంతలో కొనడము అమ్మడము అలవాటున్న సమాజములలోను, కలిసి పనిచేయడము అలవాటున్న సమాజములలోను మనుష్యులు ఎక్కువ వాటా ఇవ్వజూపినట్లు తేలింది. అంటే సంత మనిషికి ఒక మంచి నేర్పింది: పరిచయము లేనివానితో కూడా న్యాయముగా ఉండాలి అని. మోసము చేసిన కొట్టుకు రెండవసారి ఎవరు వస్తారు?

స్వేచ్ఛా వ్యాపారమునకు ఆదిగురువు అని పేరుపొందిన ఆడమ్ స్మిత్ 1776లో దేశముల సంపదను గూర్చి గ్రంథము వ్రాశాడు. అంతకు 17 సంవత్సరముల ముందే, 1759లో, మనిషికి మనిషి మీద కలిగే సానుభూతిని గూర్చి ఆయన వేరొక గ్రంథము వ్రాశాడు. ఆయన నీతిశాస్త్రము బోధించిన పంతులు. మనుష్యుల మధ్య నీతి ఉంటేనే వ్యాపారము నిలుస్తుందని ఆయన ఎరుగును. తరువాత వచ్చినవారు రెండవ పుస్తకమును పట్టుకొని, మొదటి పుస్తకమును అటక మీద పెట్టారు.

వెల కట్టగానే ఏమి పోతుంది?

మరి నష్టము ఎక్కడ మొదలవుతుంది? ఇశ్రాయేలు దేశములోని హైఫా పట్టణములో జరిగిన ఒక చిన్న సంగతి దీనిని బాగా చూపిస్తుంది.

అక్కడ పసిపిల్లలను పగలు చూసుకొనే శిశువిహారములు ఉన్నాయి. సాయంత్రము వేళకు తల్లిదండ్రులు వచ్చి పిల్లలను తీసుకొని పోవాలి. కొందరు ఆలస్యముగా వచ్చేవారు. టీచరమ్మ పిల్లను పట్టుకొని గుమ్మములో నిలబడి ఉంటే వారికి సిగ్గు వేసేది, క్షమించమని అడిగేవారు. ఇద్దరు పండితులు పది శిశువిహారములను ఎన్నుకొని, వాటిలో ఆరింటిలో ఒక జరిమానా పెట్టించారు. పది నిమిషములు దాటి ఆలస్యమైతే పది షెకెళ్ళు కట్టాలి. ఆలస్యము తగ్గుతుందని మనమనుకొంటాము. తగ్గలేదు. ఆలస్యముగా వచ్చేవారు సుమారు రెండింతలయ్యారు! కొన్ని వారముల తరువాత జరిమానా తీసివేశారు. అయినా ఆలస్యము మునుపటి స్థితికి దిగిరాలేదు. 2000వ సంవత్సరములో ఆ పండితులు దీనిని ప్రకటించారు.

ఎందుకిలా జరిగింది? జరిమానాకు ముందు అది మరొక మనిషికి కలిగించే శ్రమ. జరిమానా పెట్టిన తరువాత అది కొనుక్కొనే వస్తువు అయింది. డబ్బు కట్టాము గదా, మరి సిగ్గు ఎందుకు? సిగ్గు పోయిన తరువాత డబ్బు అడగడము మానినా ఆ సిగ్గు తిరిగి రాలేదు. దీనినే మనము గుర్తుపెట్టుకోవాలి. ఉప్పుకు, పప్పుకు వెల కట్టినంత మాత్రాన ఉప్పు మారదు, పప్పు మారదు. మాటకు, మర్యాదకు, సహాయమునకు వెల కడితే అవి మారిపోతాయి.

రక్తము సంగతి చూడండి. మన దేశములో చాలాకాలము రక్తమును అమ్ముకొనేవారు ఉండేవారు. ఆకలితోనో, త్రాగుడుకోసమో వచ్చి, రోగము దాచి సీసా నింపేవారు. సుప్రీము కోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రకారము 1998 జనవరి 1 నుండి డబ్బుకు రక్తము తీసుకొనడము ఆగిపోవాలని నిర్ణయమైంది. ప్రేమతో ఇచ్చేవాడు తన రోగమును దాచడు. వెలకు అమ్మేవానికి దాచవలసిన అవసరము కలుగుతుంది. రక్తము ఎర్రగానే ఉన్నది, దాని వెనుక ఉన్న మనసు వేరు.

మన ఊళ్ళకు వద్దాము. ఈ రోజు నా చేనిలో నీవు నాటు వేస్తే, రేపు నీ చేనిలో నేను వేసే బదులు పని ఉండేది. వడ్డీ మాట లేని చేబదులు ఉండేది. ఇల్లు కప్పుకొనే రోజున వాడకట్టు అంతా వచ్చి తాటాకు అందించేవారు. ఇంటివారు మధ్యాహ్నము అన్నము పెట్టేవారు. మా చిన్ననాడు చూచిన పనులివి. వీటిలో అనేకమునకు ఇప్పుడు కూలి రేటు వచ్చింది. రేటు వచ్చినందువలన పని త్వరగా అవుతున్నది, ఎవరికీ లోబడి ఉండనక్కరలేదు. కాని అన్నము దగ్గర కూర్చొని చెప్పుకొనే కష్టసుఖములు పోయినవి. పెళ్ళిలో చదివింపులు కూడా, ఇచ్చిన ఇంటికి తిరిగి ఎంత పెట్టాలో లెక్క చూచుకొనే పద్దుపుస్తకముగా మారాయి.

పొదుపు నుండి కిస్తీకి

ఇక మొదట చెప్పిన వేపచెట్టు దగ్గరకు తిరిగి వెళ్దాము. ఆ చాప మీద కూర్చొనుట మన స్త్రీలు అంతకు చాలా ముందే నేర్చుకున్నారు.

1990ల మొదటి సంవత్సరములలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకున్న స్త్రీలు సారా దుకాణమును ఎదిరించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము వచ్చింది. త్రాగుడుకు పోయే డబ్బు మిగిలిన ఇండ్లలో స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయడము మొదలుపెట్టారు. నాబార్డు 1992లో 500 సంఘములతో, పొదుపు సంఘములకు బ్యాంకు అప్పు ఇప్పించే పథకమును ఆరంభించింది. ఆ సంఘములో డబ్బు సభ్యులది. ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరికి వాయిదా పెంచాలి అన్నది వారే కూర్చొని తేల్చుకొనేవారు. ఒకరి ఇంట్లో జబ్బు ఉంటే, వచ్చే నెల కట్టవమ్మా అనగలిగేవారు. జాలికి అక్కడ చోటు ఉండేది.

అప్పు తీర్చడములో పేద స్త్రీలకు ఉన్న ఈ నమ్మకమును లోకము గమనించింది. ఇంత బాగా తిరిగి వచ్చే అప్పు మంచి వ్యాపారము కదా! లాభముకోసము నడిచే సంస్థలు వచ్చాయి. నిజము చెప్పాలంటే, బ్యాంకు గుమ్మము ఎక్కలేని ఇంటికి వారు గుమ్మము దగ్గరకే వచ్చి అప్పు ఇచ్చారు. నూటికి మూడు, నూటికి ఐదు వడ్డీ తీసుకొనే వ్యాపారికంటే అది మేలు అనిపించింది. కాని లెక్క సరిగ్గా చూడండి. పదివేలు ఇచ్చి, 50 వారములు వారానికి 230 రూపాయలు కట్టమంటే మొత్తము 11,500. వడ్డీ 1,500 రూపాయలే, అంటే నూటికి సంవత్సరానికి 15 అని వినిపిస్తుంది. కాని మొదటి వారమునుండే అసలు తిరిగి ఇస్తూ ఉన్నాము గనుక, సంవత్సరములో సగటున మన చేతిలో ఉన్న డబ్బు అయిదువేలకు కొంచెము పైన మాత్రమే. అంటే నిజమైన వడ్డీ సంవత్సరానికి నూటికి సుమారు 30. పల్లె లెక్కలో నూటికి రెండున్నర.

వడ్డీకంటె పెద్ద సంగతి హామీ. పేద ఇంటివారికి తాకట్టు పెట్టడానికి బంగారము లేదు, పట్టా లేదు. వారికి ఉన్నది ఇరుగుపొరుగు. ఆ ఇరుగుపొరుగునే తాకట్టుగా తీసుకున్నారు. ఒకరు కట్టకపోతే మిగిలినవారు కట్టాలి. చెల్లెమ్మా అని పిలిచిన నోటితోనే వసూలు చేయించారు. వసూలుకు వచ్చిన యువకుడు కూడా ఏదో పల్లెలో ఒక తల్లి కుమారుడే. సాయంత్రము ఆఫీసులో లెక్క తప్పితే అతని ఉద్యోగము పోతుంది. జాలి చూపితే నష్టము, కఠినముగా ఉంటే మెప్పు. ఇలాంటి చోట మంచివాడు ఎంతకాలము మంచివాడుగా మిగులుతాడు?

ఒక సంస్థ అప్పు తీర్చడానికి మరొక సంస్థ దగ్గర, దానిని తీర్చడానికి మూడవదాని దగ్గర. 2006లో కృష్ణా జిల్లాలో గొడవ మొదలై, అధికారులు కొన్ని సంస్థల శాఖలు మూయించారు. పాఠము ఎవ్వరూ నేర్చుకోలేదు. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రముగా పనిచేస్తున్న ఒక పెద్ద సంస్థ వాటాలు స్టాకు మార్కెట్టుకు ఎక్కాయి. అప్పుల ఒత్తిడి తాళలేక కొందరు ప్రాణములు తీసుకున్నారన్న వార్తలు వరుసగా పత్రికలలో వచ్చాయి. అదే సంవత్సరము అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చింది. వారము కిస్తీ బదులు నెల కిస్తీ, వసూలు పంచాయతీ ఆఫీసు వంటి బహిరంగ స్థలములోనే, వడ్డీ మొత్తము అసలును మించరాదు అని అది చెప్పింది.

తరువాత జరిగినది కూడా దాచకుండా చెప్పాలి. వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. కట్టలేనివారు కట్టలేదు, కట్టగలిగినవారిలో అనేకులు కూడా కట్టలేదు. కట్టవద్దని చెప్పిన నాయకులు ఉన్నారు. ముందు జాలి పోయింది, ఆ తరువాత మాట నిలుపుకొనే అలవాటు పోయింది. బ్యాంకులు చేతులు ముడుచుకున్నాయి. ఆసుపత్రి ఖర్చు వచ్చినవారు మళ్ళీ పాత వడ్డీ వ్యాపారి గుమ్మమే ఎక్కారు.

ఇది గడిచిన కథ అని అనుకోవద్దు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు ఆ రాష్ట్ర చట్టము వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. కిస్తీ పుస్తకము మళ్ళీ వేపచెట్టు క్రిందికి రావచ్చును. మరొకటి చేతిలోని సెల్‌ఫోనులోనే వచ్చింది. అప్పు ఇచ్చే యాప్‌లు మన ఫోనులోని పేర్లన్నీ తీసుకొని, కిస్తీ తప్పితే బంధువులకు, స్నేహితులకు ఫోను చేసి పరువు తీశాయి. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ఇటువంటివారి మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. చాప పోయి ఫోను వచ్చింది. తాకట్టు మాత్రము పాతదే: మన ఇరుగుపొరుగు.

చూపు మందగించిన మేయరు చేసిన పని

ఒకరి అప్పుకు అందరూ పూచీ పడడము తప్పేమీ కాదు. దానితో మేలు చేసినవారూ ఉన్నారు.

జర్మనీ దేశములో 1818లో ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అనే ఆయన పుట్టాడు. భక్తిగల ప్రొటెస్టెంటు. కంటిజబ్బు వలన చూపు మందగించినా పల్లెలకు మేయరుగా పనిచేశాడు. 1846, 1847 సంవత్సరముల మధ్య చలికాలములో కరవు వస్తే ఊరివారికి రొట్టెలు అందేలా ఏర్పాటు చేశాడు. ధనవంతుల దానము ఎక్కువకాలము నిలువదని అనుభవము మీద తెలుసుకొని, 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో రైతులే సభ్యులుగా అప్పుల సంఘము పెట్టాడు. అక్కడ కూడా ఒకరి అప్పుకు అందరూ పూచీ. అయితే తేడా చూడండి. సంఘము ఒక చర్చి పారిషు దాటి పెరగకూడదు, అందరికీ అందరూ తెలిసి ఉండాలి. నడిపించేవారు జీతము తీసుకోరు. మిగిలిన లాభమును పంచుకోరు, ఆపదకాలమునకు నిధిగా ఉంచుతారు. పూచీ పడినవారిదే డబ్బు, వారిదే నిర్ణయము. జాలి చూపే అధికారము కూడా వారిదే.

ఈ పద్ధతిని మన దేశమునకు తేవాలని మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి 1890లలో పెద్ద నివేదిక వ్రాశాడు. ఆ తరువాత 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చింది. మన ఊరి సొసైటీకి మూలము అదే. అనేకచోట్ల అది రాజకీయములలో చిక్కి చెడిపోయిందంటే ఆ పాపము మన అందరిది.

తూకము, పరిగె, సాయంకాలపు కూలి

దేవుని వాక్యము బజారును మూసివేయమని చెప్పలేదు. తూకపు రాళ్ళు సరిగా ఉండాలని లేవీయకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. అంగడి ఉన్నచోటనే ఆ ఆజ్ఞ అవసరము. కాని పొలములో కొంత భాగమును లెక్కలోనికి తీసుకోవద్దని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచున్నది. మరచిపోయిన పన కోసము తిరిగి వెళ్ళకూడదు, మిగిలిన పండ్లు మళ్ళీ ఏరుకోకూడదు. అవి పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి. పరిగె ఏరుకొనుట మన పల్లెలవారికి వివరించనక్కరలేదు. రూతు బోయజు పొలములో ఏరుకున్నది అదే. పరిగె ఏరుకొన్నవాడు పని చేసి తెచ్చుకొన్నాడు గనుక బిచ్చగాడు కాడు. రైతు మీద అప్పు కూడా లేదు. ఇద్దరి గౌరవము నిలిచింది. పంట అంతా లాభముగా మార్చుకొనే హక్కు నీకున్నా కొంచెము మిగిల్చివేయి అని ఆ ఆజ్ఞ మనిషి మనసుకు శిక్షణ ఇచ్చింది.

ద్రాక్షతోట యజమానుని ఉపమానము కూడా జ్ఞాపకము చేసుకొనండి. సాయంత్రము అయిదు గంటలకు వచ్చినవానికి కూడా పూర్తి కూలి. బజారు లెక్కకు అది తప్పు. కాని ఆ కూలి ఒక ఇంటి రాత్రి భోజనము.

మన ఇంట్లో చేయగలిగినవి

దేశపు ఆర్థిక విధానములను మనము మార్చలేకపోవచ్చును. మన గుమ్మము లోపల చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మాట. అబ్బాయి ఎంత తెస్తున్నాడు అన్న ప్రశ్న తరువాతనే అబ్బాయి ఎలాంటివాడు అన్న ప్రశ్న వస్తున్నది. ప్రభువు పేర జరిగే పెళ్ళిలో కూడా కట్నము రేటు ఉద్యోగమును బట్టి నిర్ణయమవుతున్నది. పిల్లలు మనలను వింటున్నారు. జీతము తక్కువైన మామయ్యను మనము ఎలా పలకరిస్తామో దానినుండే వారు మనిషి విలువ నేర్చుకుంటారు.

రెండవది, కొన్ని పనులకు వెల కట్టకుండుట. నాయనమ్మకు మంచినీళ్ళు ఇచ్చినందుకు పిల్లవానికి రూపాయి ఇవ్వవద్దు. హైఫాలో జరిగినదే మన ఇంట్లో జరుగుతుంది. రూపాయి లేని రోజున నాయనమ్మకు దాహమే.

మూడవది, అప్పు లెక్క. అప్పు తెచ్చేముందు భార్యాభర్తలు కలిసి కూర్చొని పైన చెప్పినట్లు నిజమైన వడ్డీ లెక్క వేయండి. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నియమముల ప్రకారము, చిన్న అప్పులు ఇచ్చే సంస్థలు ఒక కుటుంబముయొక్క నెలసరి కిస్తీలన్నీ కలిపి ఆదాయములో సగమును మించకుండా చూడాలి. వసూలులో బెదిరించుట, తిట్టుట, ఉదయము 9కి ముందు, సాయంత్రము 6 తరువాత ఫోను చేయుట, బంధుమిత్రులను వేధించుట కూడదని కూడా ఆ నియమములలో ఉన్నది. ఇవి తెలిసి ఉండండి. తెచ్చిన అప్పును మాత్రము తీర్చండి. మాట తప్పుట కూడా స్వభావమును చెరుపుతుంది.

నాలుగవది, కూలి. కూలి ఇచ్చే స్థితికి వచ్చిన మనవారు సాయంకాలము కాకముందే ఇవ్వాలి. మన తాతలు దొర వాకిట నిలబడిన పొద్దును మరచిపోకూడదు.

ఐదవది, పిడికిలి బియ్యము. మన తల్లులు వంటకు ముందు ఒక పిడికెడు బియ్యము తీసి దేవునికని వేరే కుండలో వేసేవారు. దోర్నకల్ బిషపు అజరయ్యగారు 1912లో అభిషేకము పొంది, పేద సంఘములకు ఇచ్చుటలోని ఆనందమును నేర్పినవారు. ఆయన కాలపు సంఘస్థులలో అనేకులు మనకంటె బీదలు. ఆ పిడికిలి కుండను తిరిగి నిలబెట్టుకొని, దానిలో ఒక భాగమును కిస్తీ రోజున జబ్బుపడిన ఇంటికని స్త్రీల సమాజము ఉంచితే ఎలా ఉంటుంది? చిన్న నిధి చాలును. ఒక వారము కిస్తీ 230 రూపాయలు. పది ఇండ్ల పిడికిళ్ళు దానికి సరిపోవా?

మళ్ళీ ఆ వేపచెట్టు క్రిందకు వెళ్దాము. సోమవారము, ఏడు గంటలు, పదవ ఆమె రాలేదు. ఇద్దరు లేచి ఆమె ఇంటికి వెళ్తున్నారు. వారి చేతిలో సంఘపు నిధిలోని డబ్బు ఉన్నది, కొంగు చాటున గంజి గిన్నె ఉన్నది. కిస్తీ పుస్తకము ఆ రోజు కూడా ఉంటుంది, వసూలుకు వచ్చిన యువకుడూ ఉంటాడు. వారు మాత్రము ఆ ఇంటి గుమ్మములో నిలబడి మొదట అడిగే మాట, జ్వరము ఎలా ఉన్నదమ్మా అని.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకొనుటకు

1. మన ఇంట్లో ఒకప్పుడు ప్రేమతో జరిగి, ఇప్పుడు డబ్బుతో జరుగుతున్న పని ఏది? దానివలన లాభమేమి, నష్టమేమి?

2. మన పొలములో, కొట్టులో, జీతములో ఎవరికోసము పరిగె మిగులుస్తున్నాము?

3. ఈ వారము మన వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో మనకు తెలుసునా?